1890 నాటి హోలరిత్ యంత్రం నిజంగా ఏం చేసేది? కార్డులను చివరి అంకె నుంచి ఎందుకు వర్గీకరించేవారు?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఎనిమిదేళ్లు పట్టే అమెరికా జనాభా లెక్కలను 1890లో ఏడాదికి కుదించిన హోలరిత్ యంత్రాన్ని మొదటి కంప్యూటర్ అనవచ్చా? వివరాలకు గుర్తుగా కార్డు అనే అట్టముక్కలో వేసిన చిల్లులను ఆ యంత్రం ఎలా గుర్తుపట్టేది? కార్డులను సంఖ్యల వరుసలో పేర్చేటప్పుడు మొదటి అంకెను వదిలి చివరి అంకెతో ఎందుకు మొదలుపెట్టేవారు? ఉద్యోగం చేసిన కాలంలో సగం ఒక గణాంక విభాగంలో కార్డులను విడదీసే సార్టర్, వాటి మొత్తాలు తేల్చే టాబ్యులేటర్ల మధ్యే గడిపాను కాబట్టి మూడో ప్రశ్న చూడగానే ప్రాణం లేచివచ్చింది. అయినా మొదటిదానితోనే మొదలుపెడతాను. ఎందుకంటే అందులో ఒక అపోహ ఉంది.

ఎనిమిదేళ్ల పని ఏడాదిలో ముగిసిందన్న మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అది సగమే నిజం. 1880 లెక్కల వివరాలు పూర్తిగా బయటికి వచ్చేసరికి దాదాపు ఆ దశాబ్దమంతా గడిచిపోయింది, ఇది నిజమే. 1890లో దేశ జనాభా 6,26,22,250 అని కొద్ది నెలల్లోనే ప్రకటించారు, ఇదీ నిజమే. అయితే ఆ మొత్తం కార్డుల నుంచి వచ్చింది కాదు. ఒక్కో కుటుంబ పత్రం చూసి, ఆ ఇంట్లో ఎందరుంటే ఆ అంకె మీట నొక్కి, తలలు మాత్రం లెక్కపెట్టారు. కార్డులకు చిల్లులు వేసే పని, వాటిని యంత్రం కింద పెట్టి వివరాలు తీసే పని అసలు ఆ తర్వాతి కథ. నివేదికల సంపుటాలు 1890ల మధ్యకాలం దాటాక కూడా అచ్చవుతూనే ఉన్నాయి. ఖర్చు తగ్గిందనుకుంటే అదీ పొరపాటే. 1880తో పోలిస్తే దాదాపు రెట్టింపయింది.

మరి యంత్రం వల్ల ఒరిగిందేమిటి? అడగగలిగిన ప్రశ్నల సంఖ్య పెరిగింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన సంగతి ఇదే. వేగం గురించి అందరూ చెబుతారు, దీని గురించి తక్కువమంది చెబుతారు.

చేతిలెక్క ఎలా నడిచేదో ఊహించుకోండి. ఎదురుగా కుటుంబ పత్రాల గుట్ట. విదేశాల్లో పుట్టిన మగవాళ్లెందరో తెలియాలంటే గుమాస్తా ఆ పత్రాలన్నీ తిరగేసి, గళ్ల కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోవాలి. మర్నాడు ఎవరో పెద్ద అధికారి వచ్చి "వారిలో రైతులెందరు, నలభై దాటినవారెందరు?" అని అడిగితే ఆ గుట్ట మళ్లీ మొదటి నుంచి తిరగేయాలి. నిన్న పెట్టిన గీతలు ఇవాళ్టి ప్రశ్నకు పనికిరావు. అందుకని అడగదలచిన ప్రశ్నలు ముందే ఖరారు చేసుకుని, మిగతావి వదిలేసేవారు.

హెర్మన్ హోలరిత్ ఈ గొడవను దగ్గరనుంచి చూశాడు. 1860లో బఫెలోలో పుట్టి, 1879లో న్యూయార్క్‌లోని కొలంబియా కళాశాలలో గనుల ఇంజనీరింగ్ చదువు ముగించి, ఇరవై ఏళ్లు నిండేనాటికే 1880 జనాభా లెక్కల కార్యాలయంలో పనిచేస్తున్నాడు. అక్కడ మరణాల గణాంకాలు చూస్తున్న జాన్ షా బిల్లింగ్స్ అనే వైద్యుడు ఈ పట్టికలు వేసే పనికి ఒక యంత్రం ఉండాలని అతడితో అన్నాడు. హోలరిత్ మొదట పొడవాటి కాగితపు పట్టీతో ప్రయత్నించాడు. పట్టీలో చిక్కేమిటంటే, కొద్దిమంది చైనీయుల వివరాలు కావాలన్నా మైళ్లకొద్దీ కాగితం తిప్పాలి. ఈ మాట అతడే తర్వాత రాశాడు. దారి చూపింది రైలు టికెట్. అప్పట్లో అక్కడి కండక్టర్లు టికెట్ మీద ప్రయాణికుడి పోలికలకు చిల్లులు కొట్టేవారు: జుట్టు లేత రంగా, కళ్లు నల్లవా, ముక్కు పెద్దదా. ఒకరి టికెట్ మీద మరొకరు ప్రయాణించకుండా ఆ ఏర్పాటు. హోలరిత్ దీన్ని దేశం మొత్తానికి వర్తింపజేశాడు. మనిషికో కార్డు. ఆ మనిషి గురించి తెలిసినదంతా ఆ కార్డులో ఉంటుంది, కార్డు విడిగా కదులుతుంది. కొత్త ప్రశ్న పుడితే మళ్లీ పత్రాల జోలికి వెళ్లనక్కర్లేదు, అవే కార్డులను మరో రకంగా విడదీస్తే చాలు.

1887లో బాల్టిమోర్ మరణాల లెక్కలతో తొలి పరీక్ష జరిగింది. కార్డులకు చిల్లులు కండక్టర్ల చేతి పంచ్‌తోనే వేశారు. అది కార్డు అంచుల దాకానే అందుతుంది, పైగా రోజంతా నొక్కితే చేయి పడిపోతుంది. 1889 జనవరిలో పేటెంట్లు వచ్చాయి. అదే ఏడాది జనాభా లెక్కల కార్యాలయం పోటీ పెట్టింది. సెయింట్ లూయిస్ నగరంలోని కొన్ని ప్రాంతాల పాత పత్రాలు ఇచ్చి, మూడు పద్ధతుల్లో ఏది త్వరగా తేలుస్తుందో చూశారు. మిగతా ఇద్దరిలో విలియం హంట్‌వి రంగు సిరాలతో రాసిన చీటీలు, చార్లెస్ పిడ్జిన్‌వి రంగు బిళ్లలు. వివరాలు ఎక్కించడానికి హోలరిత్‌కు దాదాపు 72 గంటలు పట్టింది. పిడ్జిన్‌కు 110, హంట్‌కు 144. ఎక్కించినవాటిని పట్టికలుగా తేల్చడానికి మాత్రం హోలరిత్‌కు పట్టింది ఐదున్నర గంటలే. వారిద్దరికీ 44, 55 గంటలు పట్టింది. ఈ రెండు జతల అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. చిల్లులు వేసే పనిలో యంత్రం గెలుపు మామూలుదే, అక్కడ మనిషి చేయి ఎంత వేగంగా కదిలితే అంతే. నేను ఉద్యోగంలో చేరేనాటికీ ఆ పరిస్థితి మారలేదు. నెల చివర హడావిడి అంతా పంచింగ్ గదిలోనే ఉండేది, సార్టర్ ఖాళీగా ఎదురుచూసేది.

ఇక రెండో ప్రశ్న. 1890 కార్డు 6⅝ అంగుళాల పొడవు, 3¼ అంగుళాల వెడల్పు, 288 స్థానాలు. దాని మీద ఏమీ అచ్చువేసి ఉండేది కాదు. చిల్లులు వేసే గుమాస్తా ముందు ఒక పలక ఉంటుంది. పలక మీద వయసు, రంగు, పుట్టిన చోటు, వృత్తి వగైరాలకు గుర్తులు, ఒక్కో గుర్తుకు ఒక రంధ్రం. చేతిలోని పుల్లను తగిన రంధ్రంలో నొక్కితే, దానికి జోడించిన మరో చివర వెనక బిగించిన కార్డులో సరిగ్గా ఆ స్థానంలోనే చిల్లు పడుతుంది. ఒకే పేటకు చెందిన కార్డులన్నింటిలో ప్రాంతం గుర్తు ఒకటే కాబట్టి, ఆ చిల్లులు మాత్రం కొన్ని కార్డులను దొంతరగా పెట్టి ఒకేసారి కొట్టేవారు. అట్ట తిరగబడితే తెలియడానికి ఒక మూల కత్తిరించి ఉంటుంది. ఆ కత్తిరించిన మూల పంచ్ కార్డులు ఉన్నంతకాలమూ అలాగే మిగిలింది.

చదివే యంత్రం పేరుకు యంత్రం, చూడటానికి రాతబల్ల. కుడిపక్కన ఒక ప్రెస్. దాని అడుగు పలక గట్టి రబ్బరు, అందులో వరుసలుగా చిన్న గుంటలు, ప్రతి గుంటలో కాస్త పాదరసం, పాదరసానికి అడుగున తీగ. కార్డును ఆ పలక మీద పెట్టి పిడి కిందికి లాగితే స్ప్రింగుల మీద నిలిచిన సూదులన్నీ ఒక్కసారి దిగుతాయి. అట్ట తగిలిన సూది లోపలికి ఒదిగిపోతుంది. చిల్లు దొరికిన సూది పాదరసంలో మునుగుతుంది, కరెంటు పారుతుంది. ఎదురుగా గడియారాల్లా 40 డయళ్లు ఉంటాయి, ఆ చిల్లుకు కలిపిన డయల్‌లో ముల్లు ఒక గీత జరుగుతుంది. రెండు ముళ్లు కలిసి 9,999 దాకా లెక్కపెడతాయి. కార్డు సరిగ్గా కూర్చుని చిల్లులు అందితే గంట మోగుతుంది. మోగలేదంటే కార్డులో ఏదో తప్పిపోయిందన్నమాట, దాన్ని పక్కన పెట్టాలి. రోజు చివర డయళ్లు చూసి అంకెలు రాసుకుని ముళ్లు సున్నాకు తిప్పేవారు.

డయల్‌కు ఒక చిల్లే కలపాలని లేదు. మధ్యలో కరెంటుతో పనిచేసే స్విచ్‌లైన రిలేలు పెట్టి "తెల్లవాడు, మగవాడు, ఈ దేశంలోనే పుట్టినవాడు" అనే మూడూ కలిస్తేనే ముల్లు కదిలేలా తీగలు బిగించేవారు. మీరడిగిన కంప్యూటర్ పోలిక ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది. రిలేలతో షరతులు కలపడం తర్కమే. అయితే ఈ యంత్రం ఒక ఫలితాన్ని చూసి తర్వాతి అడుగును మార్చుకోలేదు, మధ్యంతర ఫలితాన్ని దాచుకోలేదు, నిజానికి కూడికలు కూడా చేయదు, ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. మొత్తాలు కూడే టాబ్యులేటర్లు కొద్ది ఏళ్ల తర్వాత రైల్వే సరకు బిల్లుల కోసం, 1900 వ్యవసాయ గణాంకాల కోసం వచ్చాయి. కాబట్టి నన్నడిగితే దీన్ని కంప్యూటర్ అనను. డేటాబేస్‌కు పూర్వీకుడు అంటే మాత్రం ఒప్పుకుంటాను.

పాదరసం గురించి ఒక పిట్టకథ ఆ కార్యాలయం నుంచే వచ్చింది. పని విసుగనిపించినప్పుడు ఎవరో ఒకరు గుంటలోని పాదరసాన్ని డ్రాపర్‌తో పీల్చి ఉమ్మితొట్టిలో పోసేవారట. యంత్రం ఆగిపోతుంది, మెకానిక్ వచ్చేదాకా విశ్రాంతి. నేను చూసిన యంత్రాల్లో పాదరసం లేదు గానీ సిబ్బంది తెలివితేటలు ఏమీ తగ్గలేదు.

రాతబల్ల పక్కనే వర్గీకరణ పెట్టె. రెండు డజన్ల అరలు, ఒక్కోదానికి మూత. ప్రెస్ దిగగానే కార్డులోని చిల్లును బట్టి ఒక మూత టప్పున తెరుచుకుంటుంది. గుమాస్తా కార్డును అందులో వేసి మూత మూయాలి. అంటే లెక్కింపూ విడదీతా ఒకే ఊపులో సాగేవి. ఇవాళ రాష్ట్రాలవారీగా లెక్కపెడుతూనే రేపటి ప్రశ్నకు వృత్తులవారీగా విడదీసి పెట్టుకోవచ్చు. విడదీసిన కట్ట సరిగ్గా ఉందా అన్నది చూడటానికి సన్నని తీగ చాలు. కట్టను చక్కగా సర్ది, ఉమ్మడిగా ఉండాల్సిన చిల్లులోంచి తీగ దూరిస్తే అవతలికి రావాలి. అడ్డుపడితే అక్కడ పరాయి కార్డు ఉన్నట్టు. ఎనభై ఏళ్ల తర్వాత మా విభాగంలోనూ ఇదే పరీక్ష. తీగ కూడా లేకుండా కట్టను లైటుకేసి ఎత్తి చూసేవాళ్లం, వెలుగు రాకపోతే తప్పు దొరికినట్టే.

మన దేశంలో యంత్రం లేకుండానే ఇదే ఆలోచన అమలైందని చాలామందికి తెలియదు. 1901 జనాభా లెక్కల్లో మనిషికో చీటీ పద్ధతి ప్రవేశపెట్టారు. దాని మూలం జర్మనీలోని బవేరియా. చీటీ రంగును బట్టి మతం తెలిసేది. గుమాస్తాలు చీటీలను గూళ్లలో విడదీసి లెక్కపెట్టేవారు, మళ్లీ కలిపి మరో ప్రశ్నకు మరోలా విడదీసేవారు. యంత్రం అద్దె కన్నా గుమాస్తా జీతం చవకైన చోట ఆ పద్ధతి దశాబ్దాలపాటు నిలిచింది. పనికిమాలిన పద్ధతి అనుకోకండి. మనిషికో విడి కాగితం అన్న సగం సుగుణం అందులో ఉంది.

అవే కార్డులను మళ్లీ అడగగలగడంలో చీకటి కోణమూ ఉంది. 1942లో అమెరికాలో జపాన్ మూలాలున్నవారిని పశ్చిమ తీరం నుంచి ఖాళీ చేయించాలని సైన్యం నిర్ణయించినప్పుడు, 1940 జనాభా లెక్కల కార్డుల నుంచే వారు ఏ ప్రాంతంలో ఎందరున్నారో చిన్న చిన్న విభాగాలవారీగా తీసిచ్చారు. లక్షా పదివేలకు పైగా మనుషులను శిబిరాలకు తరలించారు. జనాభా లెక్కల మనిషి తలుపు తట్టినప్పుడు వాళ్లు జవాబు చెప్పింది ఈ ప్రశ్నకు కాదు.

వ్యాపార చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. హోలరిత్ 1896లో కంపెనీ పెట్టాడు, యంత్రాలు అమ్మకుండా అద్దెకిచ్చాడు. అద్దె దగ్గర జనాభా లెక్కల కార్యాలయంతో చెడింది. ఆ కార్యాలయం సొంత యంత్రాలు తయారుచేసుకునే పనిలో జేమ్స్ పవర్స్ అనే మెకానిక్ పైకొచ్చి 1911లో పోటీ కంపెనీ పెట్టాడు. కార్డును కరెంటుతో కాకుండా సూదులు, కడ్డీలతోనే చదవడం అతడి పద్ధతి. అదే ఏడాది హోలరిత్ కంపెనీ మరికొన్నింటితో కలిసింది, 1924లో ఆ సంస్థ పేరు ఐబీఎం అయింది. మనకు తెలిసిన 80 కాలమ్‌ల (అంకెకో నిలువు వరుస చొప్పున) కార్డు, నిలువు దీర్ఘచతురస్రపు చిల్లులతో, 1928లో వచ్చింది. కార్డు కొలత నాటి డాలర్ నోటుదని చెప్పే కథ ఒకటి తిరుగుతుంటుంది. పాత నోటుకు దగ్గరగా ఉన్నది తర్వాతి 7⅜ అంగుళాల కార్డు. 1890 కార్డు అంతకన్నా పొట్టిది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. కార్డును ఒక్కొక్కటిగా ప్రెస్‌లో పెట్టే పని పోయి, కట్ట వేస్తే తానే లాక్కునే సార్టర్లు 1900 తర్వాత వచ్చాయి. 1908 నాటి సార్టర్‌లో అరలు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉండేవి, అడుగు అరలోంచి కార్డులు తీయడానికి రోజంతా వంగి లేవాలి. 1925లో అరలను అడ్డంగా పరిచిన సార్టర్ వచ్చింది, నిమిషానికి 450 కార్డులు. తర్వాత వచ్చిన 82 అనే నమూనా వేగం నిమిషానికి 650.

సార్టర్ ఒక విడతలో ఒక్క కాలమ్‌నే చూస్తుంది. పైన ఒక పిడి తిప్పి, తీగల బ్రష్‌ను కావలసిన కాలమ్ మీదికి జరపాలి. కార్డు బోర్లా, 9 అంకె ఉన్న అంచు ముందుగా, బ్రష్‌కూ లోహపు రోలర్‌కూ మధ్య జారుతుంది. కాగితం ఉన్నంతసేపూ కరెంటు పారదు. చిల్లు వచ్చిన క్షణాన బ్రష్ రోలర్‌ను తాకుతుంది. అంకె ఏమిటో యంత్రం గ్రహించేది ఆ క్షణాన్ని బట్టే. 9 చిల్లు అయితే ముందుగా, 0 అయితే ఆలస్యంగా. అప్పటికి కార్డు అంచు ఎంత దూరం వచ్చిందో, అక్కడ అయస్కాంతం ఒక దారిరేకును కిందికి లాగి కార్డును ఆ అరకు మళ్లిస్తుంది. అంకెలకు పది, పైన మరో రెండు స్థానాలకు రెండు, చిల్లే లేనివాటికి ఒకటి, మొత్తం 13 అరలు. అక్షరానికి రెండు చిల్లులు ఉంటాయి కాబట్టి పేర్లు వరుసలో పెట్టాలంటే ప్రతి కాలమ్‌కు రెండు విడతలు.

మొదటి అంకెతో మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. ఐదంకెల ఖాతా సంఖ్య అనుకుందాం. మొదటి విడతకు పది కట్టలు. వాటిని కలపకూడదు, కలిపితే చేసిన పని పోతుంది. ఒక్కో కట్టనూ విడిగా మళ్లీ నడిపితే వంద కట్టలు, ఆపైన వెయ్యి. బల్ల చాలదు, కాపలా చాలదు. చివరి అంకెతో మొదలుపెడితే ప్రతి విడత తర్వాత అరల్లోని కార్డులన్నీ వరుసగా ఎత్తి ఒకే కట్ట చేసుకోవచ్చు. ఉదాహరణకు 42, 17, 45, 12 కార్డులు. ఒకట్ల స్థానం చూస్తే 2 అరలో 42, 12. 5 అరలో 45. 7 అరలో 17. అదే వరుసలో ఎత్తితే 42, 12, 45, 17. ఇప్పుడు పదుల స్థానం చూస్తే 1 అరలో 12, 17. 4 అరలో 42, 45. ఎత్తితే 12, 17, 42, 45. కిటుకు ఒక్కటే, ఒక అరలో పడే కార్డులు ముందు వచ్చింది ముందు అన్న వరుస తప్పకూడదు. అందుకే అర నిండిందని ఎత్తిన కార్డులను పైనా కిందా తారుమారు చేస్తే మొదటి నుంచి చేయాల్సిందే. కంప్యూటర్ పాఠాల్లో రాడిక్స్ సార్ట్ అని చెప్పేది ఇదే.

పదివేల కార్డులు, ఐదు కాలమ్‌లు. నిమిషానికి 650 చొప్పున విడతకు పావుగంట పైన, మొత్తం గంటా పావు పైమాట. ఇది యంత్రం లెక్క. మనిషి లెక్కలో ఇంకా చాలా ఉంటుంది: కట్టను విసనకర్రలా విప్పి గాలి ఆడించడం, బల్లకు తట్టి అంచులు సరిచేయడం, నిండిన అరలు ఖాళీ చేయడం. వానాకాలంలో అట్ట తేమ పీల్చి ఉబ్బితే దారిలో ఇరుక్కుంటుంది. వెనక వచ్చేవి దాని మీద ముడుచుకుపోతాయి, నలిగిన కార్డును చూసి మళ్లీ పంచ్ చేయించాలి. కొందరు వరుస తేలిన కట్ట పై అంచున ఏటవాలుగా రంగు పెన్సిల్ గీత గీసేవారు. కట్ట కిందపడినా, ఎవరైనా కార్డు లాగి తప్పుచోట దూర్చినా గీత తెగి పట్టిస్తుంది.

వరుస ఎందుకంత ముఖ్యమంటే, టాబ్యులేటర్‌కు వెనక్కి చూసే శక్తి లేదు. ఒక జిల్లా కార్డులన్నీ పక్కపక్కన వస్తేనే, జిల్లా సంఖ్య మారినచోట ఆగి మొత్తం అచ్చువేయగలదు. వరుస చెడిన కట్ట వేస్తే ఒకే జిల్లాకు నాలుగు మొత్తాలు నాలుగు చోట్ల వస్తాయి, యంత్రం మాత్రం తప్పేమీ లేనట్టు నడుస్తూనే ఉంటుంది.

మీరు కాలిఫోర్నియాలో ఉన్నానన్నారు కాబట్టి ఒక సూచన. మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఐబీఎం 1401 అనే పాతకాలపు కంప్యూటర్లను బాగుచేసి నడుపుతున్నారు, ఆ గదిలోనే కార్డులకు చిల్లులు వేసే కీపంచ్‌లూ, నిమిషానికి వెయ్యి కార్డులు విడదీసే 83 రకం సార్టరూ ఉన్నాయి. ప్రదర్శన ఏ రోజుల్లో ఉందో ముందుగా కనుక్కుని వెళ్లండి. కట్టను కలిపేసి, రెండు కాలమ్‌ల మీద వర్గీకరించి చూపమని అడగండి. మొదటి విడత అయ్యాక కార్డులను ఏ అర నుంచి ఏ వరుసలో ఎత్తుతున్నారో వారి చేతులను గమనించండి.